లైటు దించాక

పాలు పొంగకముందే తండ్రీ కూతుళ్ల వాదన మొదలైంది. హేమలత వంటింటి గుమ్మం దగ్గర చాప మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. కొండబాబు ఎదురుగా పీట మీద కూర్చుని, టీ చల్లారుతున్నా తాగకుండా తెర వంక చూస్తున్నాడు. తెర మీద ఇంకా కొనని ఒక కంప్యూటరు ముక్కలు ముక్కలుగా ఉంది. క్యాబినెట్టు, మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యాము, కరెంటు పోతే ఆదుకోవడానికి యూపీఎస్. చివర్న రెండు పెద్ద హార్డ్ డిస్కులు.

"రెండు డిస్కులు కొని ఒకదాని సరుకే పెడతానంటావేటి?" అన్నాడు కొండబాబు.

"రెండింట్లోనూ ఒకే సరుకు నాన్నా. ఒకటి పాడైనా రెండోది ఉంటుంది. ఆసుపత్రిలో మేం పేషెంట్ల రికార్డులు అలాగే పెడతాం. మిర్రర్ అంటారు."

"అద్దవైతే గోడకి ఒకటుంది గదా," అంది లోపలినుంచి తల్లి సత్యకుమారి.

కొండబాబు ఎస్.కోట మనిషి. పెళ్లయిన కొత్తలో కొండెక్కి అరకు వచ్చి వీడియో షాపు పెట్టాడు. షాపు ముందు, ఇల్లు వెనక. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన తియ్యని పెళ్లి లేదు, చర్చి పండగ లేదు, గిరిజనులు వేటకెళ్లే ఇటుకల పండగ లేదు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. షాపు జిరాక్సుల మీద, పాస్‌పోర్టు ఫొటోల మీద నడుస్తోంది. తీసినవన్నీ హార్డ్ డిస్కుల్లో, డిస్కులు బిస్కెట్ డబ్బాల్లో, డబ్బాలు అల్మరాలో ఉన్నాయి. వానాకాలం తేమకి భయపడి ప్రతి డబ్బాలోనూ గుప్పెడు బియ్యం పోశాడు.

ఒక డిస్కు టిక్కుటిక్కుమంటోందని ఆయన ఫోన్లో ఆ చప్పుడు వినిపించాకే హేమలత సెలవు పెట్టి విశాఖపట్నం నుంచి వచ్చింది. అన్నింటినీ ఒకచోట పెట్టే సర్వరు కట్టిస్తానంది. టీవీలో అయినా, ఫోన్లో అయినా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చంది. ఆమె స్నేహితురాలు భాను ఆదివారం రైల్లో వస్తూ సామాను తెస్తుంది. ఏవేవి కొనాలో సాయంత్రానికల్లా చెప్పాలి.

తగువంతా రా దగ్గర వచ్చింది. కెమెరా తీసింది తీసినట్టున్న ఫుటేజీని ఆ పనిలో ఉన్నవాళ్లు రా అంటారు. అందులోంచి కోసి, పాటలు కలిపి పెళ్లివాళ్లకిచ్చేది వేరు. హేమలత లెక్కలో ఎడిటింగ్ అయినవన్నీ హాయిగా పడతాయి, రా పట్టదు. పట్టనిదాన్ని పాత డిస్కులతోపాటు వదిలెయ్యాలి.

"రా లేకపోతే నాకా పెట్టె వద్దు," అన్నాడు కొండబాబు.

"ఎవరు చూస్తారు నాన్నా, గంటలకి గంటలు బంతి భోజనాలు?"

"మనుషులు అందులోనే ఉన్నారే. పాటల్లో లేరు."

హేమలత సాయానికి తల్లి వైపు చూసింది. సత్యకుమారి ఆ డబ్బాల అల్మరా తనకి ఖాళీ చేసిపెడితే చాలనీ, అందులో ఏం ఉంచుతారో ఏం పారేస్తారో తనకక్కర్లేదనీ చెప్పి ఉప్మా కలపడానికి వెళ్లింది. ఆమె కుడి భుజం ఎప్పటినుంచో నొప్పి. గరిటె ఎడంచేత్తో తిప్పుతోంది.

షాపు బల్ల మీద ఎవరో తట్టిన చప్పుడైంది. పై ఊరి కనక. ఆమె మొగుడు గంగరాజు పోయిన సంగతి కొండబాబుకి తెలుసు. లోపలికి రమ్మంటే వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. ఎల్లుండి పెద్దకర్మ. దండ వెయ్యడానికి ఫొటో లేదు. ఆధార్ కార్డు తెచ్చింది.

"ఇది ఆయన కాదు వీడియో బాబూ. ఎవుడో పోలీసులు పట్టుకున్నోడిలాగున్నాడు. మీ పెళ్లిళ్లలో ఉంటాడు గదా, సూడండి."

ఇలా అడగడం ఆ ఊళ్లకి అలవాటే. ఎవరైనా పోతే, బతికుండగా ఫొటో దిగని మనిషైతే, కొండబాబు దగ్గరకొస్తారు. ఆయన ఎవరి పెళ్లిలోనో బంతిలో కూర్చున్న ముఖాన్ని, కావిడి మోస్తున్న ముఖాన్ని వెతికి, ఆపి, పెద్దది చేసి ప్రింటు తీసిస్తాడు. గంగరాజు ఏ ఇంట పెళ్లయినా అన్నం గంప పట్టుకుని వడ్డించేవాడు.

"బురద పెళ్లిలో ఉన్నాడు," అన్నాడు కొండబాబు వెంటనే. "హేమా, బురద పెళ్లి తియ్యమ్మా."

హేమలత వేళ్లు ఆగిపోయాయి. బురద పెళ్లి అనే పేరు ఇప్పుడు లేదు. కరెంటు పోయిన పెళ్లి, పెళ్లికొడుకు అలిగిన పెళ్లి, పనసకాయ కూర. తండ్రి తన ఫోల్డర్లకి పెట్టుకున్న పేర్లు అవి. తను తెచ్చిన డిస్కుల్లోకి కాపీ చేస్తున్నప్పుడు ఆ పేర్లు చూసి నవ్వుకుంది. ప్రతి ఫైలునీ కెమెరా వేసిన తారీఖు ప్రకారం సర్దే ప్రోగ్రాం నడిపింది. ఆసుపత్రిలో రోజూ చేసే పనే. సర్దాక ఎలా ఉందో తెరిచి చూడలేదు.

ఇప్పుడు తెరిచింది. ఒక్కటే ఫోల్డరు కనిపించింది, రెండువేల సంవత్సరం జనవరి ఒకటి. వేల ఫైళ్లు అందులోనే ఉన్నాయి. కొండబాబు కెమెరాలో తారీఖు ఎప్పుడూ పెట్టలేదు. బ్యాటరీ మార్చినప్పుడల్లా గడియారం మొదటికి పోయేది.

కొండబాబు తెర దగ్గరికి వంగి చూశాడు. "ఏజెన్సీలో అందరికీ ఒక్కరోజే పెళ్లి సేసీసావేటే," అన్నాడు. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. బురద పెళ్లి ఉన్న పాత డిస్కు, ఆ టిక్కుటిక్కుమనేదే, తగిలించి చూడమన్నాడు. అది టిక్కుమని, మళ్లీ టిక్కుమని, ఆగిపోయింది.

"ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి నాన్నా. పేర్లే పోయాయి."

"పేరు లేకుండా ఎలగ ఎతకను? ఆ మనిషి ఎల్లుండికి కావాలంటంది."

"తారీఖు పెట్టని కెమెరా ఎవరిది?"

"పెళ్లి ఎప్పుడో పెళ్లోళ్లకి తెల్సు. మజ్జిన కెమెరాకెందుకు? నన్నడక్కుండా నా సామాను ఎందుకు ముట్టుకున్నావు?"

హేమలతకి ఆ మాట తగిలింది. రెండు రాత్రులు ఆ డిస్కుల ముందు కూర్చుంది. డబ్బాల్లో బియ్యప్పురుగులు ఏరి పారేసింది. లాప్‌టాప్ తండ్రి వైపు తోసింది.

"నీ సామానే నాన్నా. ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నీ ఇందులో ఉన్నాయి. నాది ఒక్క పుట్టినరోజు ఉంటే చూపించు. నువ్వు నన్నెత్తుకున్నది ఒక్కటి చూపించు. లేదు కదా. ఎవరికోసం దాచమంటావిది?"

కొండబాబు ఆధార్ కార్డు అందుకుని, దీన్నే కాస్త బాగుచేసి చూస్తానని కనకతో చెప్పి షాపులోకి పోయాడు. కనక ఎవరి ముఖమూ చూడకుండా చీరకొంగు సర్దుకుంది.

సత్యకుమారి స్టవ్ ఆపింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, కూతురి పక్కన చాప మీద కూర్చుంది.

"ఒక్కొక్కటీ పెట్టు. నాను సెప్తాను."

"నీకేం తెలుస్తుందమ్మా?"

"లైటు పట్టుకుంది నానే గదే."

అది హేమలతకి తెలియంది కాదు, గుర్తుకు రాలేదు. తనకి ఊహ తెలిసేసరికి ఆ పనికి ఒక మనిషిని పెట్టారు. అంతకుముందు తండ్రి ఏ కొండ మీద పెళ్లికెళ్లినా తల్లి కూడా వెళ్లేది. కెమెరా ఎటు తిరిగితే అటు లైటు ఎత్తి పట్టుకునేది.

హేమలత ఒక ఫైలు తెరిచింది. తాటాకు పందిరి కనిపించగానే సత్యకుమారి తల అడ్డంగా ఊపింది. "ఇది పెళ్లికొడుకు అలిగింది. వాచీ పెట్టలేదని. పక్కది పెట్టు." తర్వాతది చర్చి పెళ్లి. ఆ తర్వాతది కరెంటు పోయింది. పెళ్లికూతురి జాకెట్టు చూసి ఒకటి, వంటలు చేసిన చోటు చూసి ఒకటి గుర్తుపట్టింది. ఆమె చెబుతుంటే హేమలత పేర్లు కొట్టుకుంటూ పోయింది. తండ్రి పెట్టిన పేర్లే. ఉప్మా చల్లారిపోయింది.

"ఇదీ," అంది సత్యకుమారి. "నా సెప్పు ఈ బురదలోనే పోయింది. ముందుకి జరుపు, బంతి రానీ."

బంతి వచ్చింది. అడ్డాకుల విస్తళ్లు, గొడుగులు, బురదలో పాదాలు. గంప చంకన పెట్టుకుని గంగరాజు వరస వెంట నడుస్తున్నాడు. ఒక ముసలాయన వద్దంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. గంగరాజు ఆ చెయ్యి పక్కకి తీసి అన్నం పెట్టి, కెమెరా వైపు చూసి నవ్వాడు.

కనక దగ్గరికి జరిగింది. "ఆ సొక్కా సంతలో నేనే కొన్నాను," అంది. గంగరాజు తెర దాటిపోయాక, "మల్లీ ఒకపాలి పెట్టమ్మా," అంది. హేమలత మళ్లీ పెట్టింది. మూడోసారి కనక నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చింది. సత్యకుమారి ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఆ నవ్వు దగ్గర ఆపి, హేమలత ఆ బొమ్మను షాపులోని కంప్యూటరుకి పంపింది. ప్రింటు కోసం కనక అటు వెళ్లింది. హేమలత ఆపిన ఫైలుని మళ్లీ నడవనిచ్చింది. బంతి అయిపోయింది. లైటు ఆరింది. తెర నల్లబడింది. హేమలత ఆపబోతుంటే ఆ నల్లటి తెరలోంచి తండ్రి గొంతు వచ్చింది, ఇప్పటికన్నా సన్నగా.

"సత్యా, లైటు దించు. సెయ్యి మార్సుకో."

"కాలతంది."

"ఇలగ తే. మన గుంటేది?"

"వైర్ల పెట్టి మీద పడుకుండిపోయింది. పాయసం తిన్నాది. మీరే తిన్లేదు."

టక్కుమని శబ్దం. అక్కడికి అయిపోయింది.

హేమలత ఇంకో ఫైలు చివరికి వెళ్లింది. లైటు ఆరాక మళ్లీ అదే. దించు సత్యా. సెయ్యి నొప్పెడతందా. ఇంకోదాని చివర చలి గురించి, ఇంకోదాని చివర ఇల్లద్దె గురించి. ఒకదాంట్లో పసిపిల్ల ఏడుస్తోంది. ఎత్తుకోమంటోంది. "ఈ భుజాన కెమెరా ఉందమ్మా, ఆ భుజం ఎక్కు," అంటున్నాడు కొండబాబు. చీకట్లో బొమ్మ ఊగింది. దూరాన వంటపొయ్యి మంట ఒక్కటే కనిపిస్తోంది. తర్వాత అదీ కనిపించకుండా ఏదో అడ్డం వచ్చింది. కెమెరా అద్దానికి ఆనుకున్న చిన్న అరచెయ్యి.

సత్యకుమారి తన ఎడంచేత్తో కుడి భుజం పట్టుకుని వింటోంది. "ఇయన్నీ కోసీసినారనుకున్నాను," అంది.

"కోసింది పెళ్లోళ్లకిచ్చినదాంట్లో." కనకకి ప్రింటు ఇచ్చి పంపేసి కొండబాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో వాళ్లు చూడలేదు.

హేమలత కళ్లు తుడుచుకుంది. "ముందు లైటు దింపించి, ఆ తర్వాత ఆపేవాడివా నాన్నా కెమెరా?"

"ముందు మీ అమ్మ సెయ్యి దించాలి గదా. కెమెరా నా సేతిలోనే ఉంటాది, దానికేటి తొందర."

"పొద్దున్నే ఆ మాట చెప్పచ్చు కదా."

"ఏటని సెప్పను? పెళ్లోళ్ల వీడియోలో మా కబుర్లు దాసుకున్నానని సెప్పనా?"

"ముట్టుకునేముందు నిన్నడగాల్సింది," అంది హేమలత.

"తారీఖు పెట్టుండాల్సింది," అన్నాడు కొండబాబు. పీట లాక్కుని కూతురి పక్కన కూర్చుని, చల్లటి ఉప్మా గిన్నె ముందుకి తెచ్చుకున్నాడు.

ఆయన తింటుండగానే హేమలత భానుకి ఫోన్ చేసింది. అద్దం తలుపున్న చిన్న క్యాబినెట్టు వద్దని, నాలుగు డిస్కులు పట్టే పొడుగు పెట్టె తెమ్మని చెప్పింది. మదర్‌బోర్డుకి నాలుగూ తగిలేలా చూడమంది. ప్రాసెసరు చిన్నది చాలు. ర్యాము సగం చాలు. మిగిలినదంతా డిస్కులకే పోవాలి, రెండు జతలు. పవర్ సప్లై మాత్రం తగ్గించొద్దంది.

"రా తీసేస్తే రెండు సరిపోతాయన్నావు కదే," అంది భాను.

"రా తియ్యడం లేదు. మా ఇంట్లోవాళ్లం అందులోనే ఉన్నాం."

ఫోన్ పెట్టేసేసరికి అల్మరా దగ్గర చప్పుడైంది. సత్యకుమారి కింద అరలోని డబ్బాలు దించేసింది. అల్మరా తనకేమీ వద్దని, ఆ పెట్టె ఇందులోనే పెట్టుకోమని, ప్లగ్గు కూడా దగ్గరేనని చెబుతోంది. పై అరలో డబ్బా ఇంకొకటి ఉంది. దానికోసం కుడి చెయ్యి ఎత్తింది. భుజం సగం వరకే లేచింది.

కొండబాబు ఉప్మా గిన్నె పక్కన పెట్టి లేచాడు.

"సత్యా, సెయ్యి దించు," అన్నాడు. "నాను తీత్తాను."