వారం రోజుల పిన్నమ్మ

తప్పంతా రాగిపిండిది. నాది కాదు.

చిక్కబళ్ళాపురం జిల్లా ఎరువుల అంగళ్ళవాళ్ళం ముప్పైమందిమి వియత్నాంలోని డానాంగ్‌లో దిగాం. ఏడాదంతా టార్గెట్ కొట్టినందుకు కంపెనీ ఇచ్చిన వారం రోజుల బీచ్ టూర్. నేను లోకేశ్‌ని, బాగేపల్లిలో విత్తనాలూ పురుగుమందులూ అమ్ముతాను. ఇంకా నిద్రకళ్ళు నులుముకుంటున్నానో లేదో, కస్టమ్స్ బల్ల దగ్గర గొడవ మొదలైంది.

ఒక పెద్దావిడ సంచిలోంచి ఐదు కేజీల రాగిపిండి తీసి, "వాట్ ఈజ్ దిస్?" అంటున్నాడు ఆఫీసరు. ఆవిడ చింతామణి ఊళ్ళో అంగడున్న లక్ష్మీదేవమ్మ. పక్కనున్నది కూతురు వినుత, నడుము పట్టేసి ఆగిపోయిన తండ్రి బదులు వచ్చింది.

"ముద్ద సార్! రాగి బాల్!" అంటూ వినుత రెండు చేతులతో ఇంత ఉండ చేసి చూపించింది. ఆఫీసరు బాంబనుకున్నాడో ఏమో, ఒకడుగు వెనక్కి వేశాడు.

నేను మధ్యలో దూరాను. "సార్, మై ఆంటీ! ఓన్లీ ఫుడ్!" అని గుప్పెడు పిండి నోట్లో వేసుకున్నాను. అది గొంతుకు అడ్డం పడింది. దగ్గుతూ, కన్నీళ్ళతో ఆవిడ వైపు తిరిగి, "భయపడొద్దు పిన్నమ్మా!" అన్నాను.

పిండితో సహా మమ్మల్ని వదిలేశారు. లక్ష్మీదేవమ్మ నా గడ్డం పట్టుకుంది. "నాకు కొడుకుల్లేరప్పా. ఇంక నువ్వే కొడుకువి. మీ చెల్లెల్ని జాగర్తగా చూసుకో."

వినుతను సరిగ్గా చూసింది అప్పుడే. చూశాక నాలుక కొరుక్కున్నాను.

"అన్నా, నా బ్యాగు కూడా ఎత్తుకుంటావా అన్నా?" అంది నవ్వాపుకుంటూ. ఒక్క మాటలో రెండు అన్నలు అవసరమా, మీరే చెప్పండి!

మావైపు నోటితో వరస కలిపితే కలిసినట్టే. తల్లి పిన్నమ్మయితే కూతురు చెల్లెలే. ఇక పెళ్ళి మాటెత్తితే చెప్పు తెగుతుంది.

విచిత్రమేమిటంటే, ఆ వరస వల్లే మాకు ఎక్కడ లేని స్వేచ్ఛ దొరికింది. పాలరాతి కొండలు చూడబోతే, "నాకు మోకాళ్ళ నొప్పి, మీరిద్దరూ పోయి రాండి," అంది లక్ష్మీదేవమ్మ. కేబుల్ కార్ దగ్గరా అంతే. "అన్నాచెల్లెళ్ళు ఒకే పెట్టెలో కూర్చోండి."

నాలుగో రోజు బీచ్‌లో వాన పట్టుకుంది. ఇద్దరికీ ఒకే గొడుగు.

"తడిసిపోతాండావు, దగ్గరికి రా," అంది వినుత.

"వద్దులే. అన్నను కదా."

"పిన్నమ్మా అని పిలవమని నీకెవరు చెప్పినారు?"

"నిన్ను చూడకముందే నోరు జారింది."

"చూసింటే?"

"అత్తా అనేవాణ్ణి."

తను గబుక్కున సముద్రం వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. అటు చూస్తూనే, "ఆ మాట నాకు కాదు, మాయమ్మకు చెప్పు," అంది.

"చంపేస్తాది!"

"దినామూ పురుగుల్ని చంపే మందులు అమ్ముతావు, మాయమ్మకు భయపడతావా?"

భయపడ్డాను. ఆరో రోజు లక్ష్మీదేవమ్మ హోటల్ గదిలో దొంగచాటుగా కరెంటు కుక్కర్ పెట్టి ముద్ద చేసింది. నా ముద్ద మీద నెయ్యి వేస్తూ, "ఆదివారం మదనపల్లి నుంచి వినుతను చూడను వస్తాండారు. అన్నగా నువ్వొచ్చి నిలబడల్లప్పా," అంది.

రాగి రెండోసారి నా గొంతుకు అడ్డం పడింది. వినుత తినకుండానే లేచిపోయింది. ఇక నాకు మిగిలింది ఒక్క రోజు.

ఆ ఆఖరి రోజు కొబ్బరి తోపుల మధ్య నీళ్ళలో, బుట్టల్లా గుండ్రంగా ఉండే వెదురు పుట్లు ఎక్కాం అందరం, మేం ముగ్గురం ఒకే పుట్టిలో. పడవవాడు సరదాకు పుట్టిని గిర్రున తిప్పాడు. లక్ష్మీదేవమ్మ నన్ను వాటేసుకుని, "నిలపమని చెప్పప్పా!" అని కేక పెట్టింది.

"చెప్తా. ముందు నా మాట విను. నువ్వు నాకు పిన్నమ్మ కాదు. వినుతను చెల్లెలనుకోవడం నా చేత కాలేదు. ఆయమ్మిని చేసుకోవాలని ఉండాది. కొడితే కొట్టు!"

పుట్టి దానంతట అదే ఆగింది. వినుత పుట్టి అంచు పట్టుకుని వాళ్ళమ్మ వైపు చూసింది.

లక్ష్మీదేవమ్మ తీరిగ్గా కొంగు సర్దుకుంది. "మీయమ్మ కైవారం బయ్యప్ప కూతురు కదా?"

"అవును... నీకెట్ల తెలుసు?"

"దిగిన రోజే మా ఇంటాయనకు ఫోన్ చేసి విచారించినా. మీయమ్మ నాకు వదినవరస. మొదటి నుంచీ నేను నీకు అత్తనే."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పింటే వారమంతా మీ వెనకాల నేనూ కొండలెక్కల్ల. నా మోకాళ్ళు ఏం కావల్ల? పిన్నమ్మంటే నువ్వే హద్దులో ఉంటావని ఊరకుంటిని."

"అమ్మా! మరి మదనపల్లి వాళ్ళు?" వినుత అరిచింది.

"యాడ మదనపల్లి? ఈయప్ప నోరు తెరుస్తాడో లేదో చూద్దామని అంటిని. ఆదివారం మీయమ్మానాయన్ని పిలుచుకొని రా లోకేశా."

నాకు ఒళ్ళు తెలియలేదు. వినుత చెయ్యి పట్టుకోబోయాను. ఫట్‌మని నా చేతిమీద దెబ్బ పడింది.

"పెండ్లయ్యేదాకా ఇంక వేరే పుట్టి. దిగు!"

"అత్తా..."

"అత్తను కాబట్టే చెప్తాండా. దిగు!"

పక్క పుట్టిలోకి మారాను. ఆ పడవవాడు నన్ను ఒంటరిగా దొరకబుచ్చుకుని బొంగరంలా తిప్పాడు. కొబ్బరి చెట్లు, నీళ్ళు, అత్త అన్నీ కలిసిపోయి కనిపిస్తున్నాయి.

అవతలి పుట్టిలోంచి వినుత గొంతు వినిపించింది.

"ఏం బావా, తల తిరుగుతాందా?"

తిరుగుతోందని ముప్పైమందికీ వినపడేలా అరిచాను.