మాస్టారి పచ్చదీపం

అరుణపురంలో ఇప్పుడు వెబ్‌సైట్ నొక్కేసి, అది తెరుచుకునేలోగా వంట పూర్తి చేసుకునేవాళ్ళు లేరు. పదేళ్ళ కిందట అందరూ అదే పని చేసేవారు. అంగారకుడి మీది ఈ ఊరి నుంచి భూమికి ఒక పలకరింపు చేరడానికే పన్నెండు నిమిషాలు పడుతుంది. భద్రమైన సైట్ అంటే ముందు పలకరింపు, దానికి జవాబుగా భూమి తన సర్టిఫికెట్ చూపించడం, ఆ పైన రహస్య తాళం మీద ఇద్దరికీ ఒప్పందం. ఈ కరచాలనమంతా ముగిసి పేజీ కంటబడేసరికి దాదాపు గంట గడిచేది. అయినా జనం అదే మహాభాగ్యమనుకున్నారు. అంతకుముందు అక్కడ భద్రమైన సైటన్నదే లేదు. దాన్ని మొదట తెచ్చినవాడు పరాంకుశం మాస్టారు.

ఆ గంటను రెప్పపాటు చేసింది ఆయన శిష్యురాలు మందాకిని. భూమి తరఫున చెయ్యి కలిపే అధికారమున్న యంత్రాన్ని ఊళ్ళోనే నిలబెట్టి, పేజీల నకళ్ళు కూడా దాని దగ్గరే ఉంచింది. ఆ యంత్రానికి 'పొరుగుముద్ర' అని పేరు పెట్టింది. ఇక ఊరంతా ఆమె పేరే. మాస్టారు పాఠ్యపుస్తకంలో ఒక ఫుట్‌నోట్‌కి దిగిపోయాడు. ఆ ఫుట్‌నోట్ రాసింది కూడా ఆమే కావడంతో ఆయనకు మరీ ఒళ్ళు మండింది.

గణితంతో చేసిన తాళాలను క్వాంటం కంప్యూటర్లు ఏనాడో విరగ్గొట్టేశాయి. అందుకని పొరుగుముద్ర సర్టిఫికెట్‌కి తాళంచెవి మనిషి మనసే. తొంభై రోజులకోసారి తాళంచెవులైన ఇద్దరు, అంటే మాస్టారూ మందాకినీ, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, మొదట్లో ఎంచుకున్న జ్ఞాపకాన్ని మళ్ళీ తలుచుకోవాలి. యంత్రానికి ఆ జ్ఞాపకంలోని బొమ్మతో పనిలేదు, అందులోంచి పుట్టే భావం ఆకారాన్ని మాత్రమే చదువుతుంది. అది మొదటిసారి నమోదైనదానితో సరిపోతేనే ఆ కుర్చీ దీపం పచ్చబడుతుంది, నటిస్తే పట్టేస్తుంది. మూడుసార్లు తప్పితే సర్టిఫికెట్ రద్దవుతుంది, సైట్లన్నీ ఆ రోజుకి మూతపడతాయి.

మాస్టారు ఎంచుకున్నది మందాకిని ఆ గంట ఆలస్యం చిక్కు విప్పిన రోజు. ఆ రోజు ఆయన ఆనందంతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె ఎంచుకున్నది మాస్టారి సన్మానం. అప్పుడామెకు పంతొమ్మిదేళ్ళు, చివరి వరసలో నిలబడి చూసింది. ఎంత గురుభక్తో అని మాస్టారే పదిమందికీ చెప్పుకున్నాడు.

ఒక గడువు రోజు ఉదయం పదకొండుకి ఆసుపత్రిలో ఒక చిన్నపిల్లకు గుండె ఆపరేషన్. డాక్టర్లకు కావలసిన గుండె పటాలన్నీ సైట్‌లోనే ఉన్నాయి. పదిన్నరకు మందాకిని కూర్చోగానే ఆమె దీపం పచ్చబడింది. ఎప్పుడూ అంతే, ఒక్కసారికే. దీని నుదుటన ఈ గెలుపు కూడా రాసిపెట్టి ఉందా అని మాస్టారు పళ్ళు కొరికాడు.

ఆయన దీపం ఎర్రగా వెలిగింది.

కళ్ళు మూసుకుని మళ్ళీ ఆ రోజును తలుచుకున్నాడు. తెర మీద మందాకిని లెక్క, చుట్టూ చప్పట్లు. ఆ చప్పట్లు ఆగితే బాగుండుననిపించింది.

"స్వాగతం, మందాకిని గారూ," అంది యంత్రం. "మీరు పొరపాటున పక్క కుర్చీలో కూర్చున్నారు."

తన మంట ఆమె దీపానికెలా సరిపోయిందా అని మాస్టారు పక్క కుర్చీ వైపు తిరిగాడు.

"నా సన్మానం రోజు నీకేమనిపించిందే అమ్మాయ్?" అన్నాడు.

మందాకిని తల దించుకుంది. "కుళ్ళుకున్నాను మాస్టారూ. ఆ దండ నా మెళ్ళో పడాల్సిందనుకున్నా. ఇంటికెళ్ళి అన్నం కూడా తినలేదు."

"ఇప్పటికీనా?"

"ఆ కుళ్ళు పోయుంటే నా దీపం పచ్చగా ఎందుకుంటుంది? నేను మీ గంటను కుదించానంతే. లేనిదాన్ని తెచ్చింది మీరు. అది నాకెన్నటికీ రాదు."

మాస్టారి ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఇంత తెలివైన పిల్ల, తన చేతుల్లో పెరిగిన పిల్ల, ఇన్నేళ్ళూ తనను చూసి కుళ్ళుకుందా! ఆమె మీద ఎక్కడలేని ముద్దూ ముంచుకొచ్చింది. మూడోసారి తలుచుకోగానే దీపం పచ్చబడింది. పదకొండుకి ఆసుపత్రి పటాలు రెప్పపాటులో తెరుచుకున్నాయి, పాప బతికింది.

ఆ తొంభై రోజులూ మాస్టారు కూనిరాగాలు తీస్తూ తిరిగాడు.

గడువు రోజున ఇద్దరూ మళ్ళీ కూర్చున్నారు. ఆయన దీపం ఒక్కసారికే పచ్చబడింది. మందాకినిది ఎర్రగా వెలిగింది.

"స్వాగతం, పరాంకుశం గారూ," అంది యంత్రం ఆమెతో.

మందాకిని నవ్వేసింది. "ఆ రోజు యంత్రం మిమ్మల్ని నా పేరు పెట్టి పిలిచింది కదా మాస్టారూ. మీరే నన్ను చూసి కుళ్ళుకుంటున్నారని తెలిశాక ఇంక నాకు మంటేముంటుంది? మీ సన్మానం తలుచుకుంటే ఇప్పుడు ముచ్చటగా ఉంది."

ముచ్చటట! మాస్టారి గుండె కలుక్కుమంది. ఇక తనను చూసి కుళ్ళుకునేవాళ్ళు ఈ గ్రహం మీద ఒక్కరూ లేరు.

ఆయన ఇంకా కుర్చీలోంచి లేవలేదు, యంత్రం ఆయన మనసు చదువుతూనే ఉంది. ఆయన దీపం కూడా ఎర్రబడింది.