గుట్టుపెట్టె విన్న ఐదో పాట

రండర్రా, ఇంకాస్త ముందుకు జరగండి. చాప మీద చోటుంది. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా రండి, ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యండి, గాలికి కొట్టుకుంటోంది. ఆ, ఇక కూర్చోండి.

ఇది ఇంకా జరగని రోజుల కథ. అయినా జరిగిపోయినట్టే చెబుతాను. అలా చెబితేనే నాకు ఆ మనుషుల మొహాలు కనిపిస్తాయి.

కాకినాడలో ఒక లాబొరేటరీలో డాక్టర్ మేదిని అనే ఆవిడ చనిపోయిన మనిషి గొంతులోకి తొంగి చూస్తోంది. ఆవిడ ముందు స్క్రీన్ మీద రెండు గీతలు పాకుతున్నాయి, ఒకటి నీలం, ఒకటి నారింజ. స్పీకర్లో ఒక పాట వస్తోంది. గీతలు రెండూ జోడెడ్లలా పక్కపక్కనే నడుస్తూ, ఒక్క మాట దగ్గర మాత్రం విడిపోయాయి. మేదిని పాట ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ వింది. అదే మాట దగ్గర మళ్ళీ విడిపోయాయి.

"నేను చెప్పలేదూ," అంది నవ్వుతూ. ఆ గదిలో ఇంకెవరూ లేరు. ఆ మాట అక్కడ లేని పోలరాజుతో అంది.

పోలరాజు ఎవరో చెప్పాలంటే ముందు ఆ ఊరి సంగతి చెప్పాలి. అప్పటికి సముద్రం బాగా ముందుకొచ్చేసింది. కాకినాడలో సగం వీధులు నీళ్ళలో ఉండేవి. కింది అంతస్తులు చేపలకి వదిలేసి జనం పై అంతస్తుల్లో కాపురం పెట్టారు. బస్సుల బదులు మోటారు పడవలు నడిచేవి. ఆ ప్రయాణికుల పడవల్లో ఒకదానికి డ్రైవరు పోలరాజు. యాభై దాటిన మనిషి. గట్టిగా నవ్వుతాడు, తొందరగా కోపం తెచ్చుకుంటాడు, ఇంకా తొందరగా మరిచిపోతాడు.

నీళ్ళు వచ్చిన కొత్తలో హైమ అనే గాయని ఒక ఆల్బమ్ చేసింది. పేరు 'నీటి ఇళ్ళు'. అందులో ఎనిమిది పాటలు. ఆ పాటల అర్థమేమిటని రేడియోవాళ్ళు అడిగితే, "పాడటం వరకే నా పని. ఆ తరవాత అవి మీ ఇళ్ళలో ఉంటాయి, మీ ఇష్టం," అంది. కొన్నాళ్ళకి జ్వరం వచ్చి పోయింది. ఇంక అడగడానికి మనిషే లేదు.

మనిషి లేకపోయేసరికి అభిమానులకి పని పెరిగింది. బుల్లెమ్మ గారి పెసరట్ల హోటల్ పై అంతస్తులో ప్రతి ఆదివారం పొద్దున చేరేవాళ్ళు. ఒక పాట వినడం, దాని మీద మధ్యాహ్నం దాకా వాదించుకోవడం. కవర్ బొమ్మ మీద ఒక కిటికీ ఎందుకు మూసి ఉంది? రెండో పాటలో ఆ దగ్గు కావాలనే ఉంచారా? మూడో పాట చివర వినిపించే బకెట్ చప్పుడేమిటి? ఇల్లు కారుతోందని ఒకరు, పసిపిల్లకి స్నానం చేయిస్తున్నారని ఒకరు. ఆ బకెట్ మీదే ఒక వానాకాలమంతా గడిచిపోయింది. అక్కడ ఒకటే నియమం. ఎవరైనా తమ అర్థం చెబుతుంటే మధ్యలో ఆపకూడదు. అయ్యాక ఎంత తిట్టుకున్నా సరే.

అందరికంటే పెద్ద తగువు ఐదో పాట మీద. అది ఇలా మొదలవుతుంది:

దీపం తియ్యకు, గుమ్మంలో నీళ్ళున్నా
పాదం తడవకుండా వచ్చేస్తాలే
నువ్వు నిద్రపోయే లోపే వచ్చేస్తాలే

"ఇది రాని మనిషి పాట," అనేది మేదిని. "గుమ్మం నిండా నీళ్ళుంటే పాదం తడవకుండా ఎలా వస్తారండీ? కుదరదని తెలిసే అంటోంది. అది వీడ్కోలు, పోలరాజు గారూ."

"పడవలో వస్తారు మేడమ్. రోజూ మిమ్మల్ని తేవడం లేదూ నేను, చెప్పులు కూడా తడవకుండా?"

అందరూ నవ్వేవాళ్ళు. మేదినీ నవ్వేది. కానీ వదిలేది కాదు.

"పడవ ఊసే లేదు కదా పాటలో."

"రేవు ఊసు లేదు, తెడ్డు ఊసు లేదు. అన్నీ చెబితే అది పాటెందుకవుతుంది, టైమ్‌టేబుల్ అవుతుంది గానీ. వస్తానంది. వస్తుంది. అంతే."

"మీరు చెవులతో వినరు, మొండితనంతో వింటారు."

"మీరు చదువుతో వింటారు. రెండూ చెవులు కావులెండి."

ఇలా ఎన్నో ఆదివారాలు. పోలరాజు రాకపోతే మేదినికి పెసరట్టు రుచించేది కాదు. మేదిని రావడం ఆలస్యమైతే పోలరాజు రేవు దగ్గర పడవ ఆపి చూసేవాడు. పడవలో ఉన్నవాళ్ళు గొణిగినా సరే.

మేదిని ఉద్యోగం గొంతుల మీద పరిశోధన. ఈ తగువు తేల్చాలన్న పంతంతోనే ఆ యంత్రం మొదలుపెట్టింది. ప్రాజెక్టు కాగితాల మీద వేరే కారణాలు ఉన్నాయనుకోండి.

యంత్రం ఎలా పనిచేస్తుందో చెబుతాను వినండి. ఎప్పుడైనా మీరు గాజు గ్లాసు పగలగొట్టి దాక్కున్నారా? వంటింట్లోంచి అమ్మ పిలుస్తుంది, "రా నాన్నా, ఏమీ అననులే." మీరు వెళ్ళరు. ఎందుకు? మాట తియ్యగానే ఉంది. గొంతు వేరేగా ఉంది. మాట బయటికి వచ్చే ముందు మనం తీసే ఊపిరిలో, గొంతులో ఉండే సన్నటి కండరాల బిగువులో మన మనసు తెలిసిపోతుంది. మీ చెవి దాన్ని కొంత పట్టుకుంటుంది, యంత్రం పూర్తిగా పట్టుకుంటుంది. నీలం గీత మాట, నారింజ గీత మనసు. రెండూ కలిసి నడిస్తే ఆ మాట నమ్మి అన్నట్టు, విడిపోతే నమ్మకుండా అన్నట్టు. దానికి మేదిని 'వాయిస్ ఇంటెన్షన్ ఎనలైజర్' అని పేరు పెట్టింది. జనం గుట్టుపెట్టె అన్నారు.

లాబొరేటరీలో గీతలు విడిపోవడం చూశాక వచ్చిన ఆదివారం గుట్టుపెట్టెని హోటల్‌కి తెచ్చి బల్ల మీద పెట్టింది. బుల్లెమ్మ గారు అట్లకాడతోనే పైకొచ్చి చూశారు.

"ఇది నిజం చెబుతుందా అమ్మా?"

"చెబుతుందండీ."

"చెప్పేస్తే వచ్చే ఆదివారం ఏం మాట్లాడుకుంటారు మరి?"

"ఇంకా ఏడు పాటలున్నాయి కదండీ," అంది మేదిని.

పోలరాజు కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు. "పెట్టండి మేడమ్. హైమ మీద నాకు నమ్మకం ఉంది. మీ పెట్టె సంగతే చూడాలి."

పాట మొదలైంది. 'దీపం తియ్యకు' అన్న చోట గీతలు రెండూ అతుక్కుని నడిచాయి. "చూశారా," అన్నాడు పోలరాజు. 'గుమ్మంలో నీళ్ళున్నా' అన్నప్పుడూ కలిసే ఉన్నాయి. 'వచ్చేస్తాలే' దగ్గర నారింజ గీత కిందికి జారిపోయింది. రెండోసారి వచ్చిన 'వచ్చేస్తాలే' దగ్గర ఇంకా కిందికి జారింది.

మేదిని వివరించింది. ఆ మాటకి ముందు హైమ తీసిన ఊపిరి సగంలో తెగింది. గొంతు ఏడుపుని ఆపుకునేటప్పుడు బిగుసుకున్నట్టు బిగుసుకుంది. వస్తానన్న మాటని ఆవిడ ఏ కోశానా నమ్మలేదు. మేదిని క్లాసులో పాఠంలా చక్కగా చెప్పింది, వేలితో గీత చూపిస్తూ.

"ఇంకోసారి పెట్టండి," అన్నాడు పోలరాజు.

పెట్టింది. అదే జరిగింది.

"అయితే అబద్ధమన్నమాట."

"అబద్ధమని కాదు పోలరాజు గారూ, వీడ్కోలు. నేను మొదటినుంచీ అంటున్నదే."

"అవునవును. గెలిచారు మేడమ్." గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుని కూడా పెట్టె ముందు పెట్టి ఉంటే బాగుండేదేమో. ఎవరికీ తోచలేదు. పడవకి టైమైందంటూ లేచాడు. అతని కంచంలో పెసరట్టు అలాగే ఉంది.

తరవాతి ఆదివారం అతను రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. పడవ మీద ఇంకో డ్రైవరు కనిపించాడు, అడిగితే పోలరాజు వేరే రూటు వేయించుకున్నాడన్నాడు.

ఈలోగా గుట్టుపెట్టె పేరు దేశమంతా పాకిపోయింది. ఒక కంపెనీ దాన్ని చిన్నది చేసి ఫోన్లలో పెట్టింది. ఏ పాట విన్నా కింద రెండు గీతలు కనిపించేవి. మిగిలిన ఏడు పాటల గుట్టూ ఒక్క వారంలో తేలిపోయింది. నాలుగో పాట పాడేటప్పుడు హైమకి ఆకలిగా ఉందట. రెండో పాటలో దగ్గు ఉట్టి దగ్గేనట. బకెట్‌కి గొంతు లేదు కాబట్టి అదొక్కటీ మిగిలింది, కానీ అప్పటికి దాని మీద వాదించే ఓపిక ఎవరికీ లేదు. ఆదివారాలు వచ్చేది ఇద్దరు, తరవాత ఒకరు, ఆఖరికి మేదిని ఒక్కతే.

బుల్లెమ్మ గారు ఎదురుగా వచ్చి కూర్చున్నారు. "నాకూ తోచడం లేదు తల్లీ. కింద నిలబడి మీ అరుపులు వింటూ అట్లు వేసేదాన్ని."

"పోలరాజు గారికి అంత కోపం ఎందుకొచ్చిందండీ? ఒక పాట కోసం."

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఇన్నేళ్ళు ఆయనతో వాదించావు కదా. ఎందుకంత పట్టు పట్టాడని ఎప్పుడైనా అడిగావా?"

మేదిని అడగలేదు.

అప్పుడు బుల్లెమ్మ గారు చెప్పారు. పెద్ద తుఫానులో పోలరాజు తమ్ముడు నూకరాజు, మునిగిన వీధుల్లోంచి జనాన్ని తేవడానికి పడవ వేసుకుని వెళ్ళాడు. రెండుసార్లు తెచ్చాడు. మూడోసారి వెళుతూ, "డాబా మీద లైటు వేసి ఉంచు అన్నయ్యా, గుర్తుకి," అన్నాడు. మళ్ళీ రాలేదు. పడవ దొరకలేదు, మనిషీ దొరకలేదు. మరుసటి ఏడు ఆ ఆల్బమ్ వచ్చింది.

జగన్నాథపురం వైపు ఒక డాబా మీద సాయంత్రం కాగానే వెలిగే సోలార్ దీపం మేదినికి తెలుసు. ఊరందరికీ తెలుసు. పడవలవాళ్ళు దాన్ని చూసుకునే మలుపు తిరిగేవాళ్ళు. ఈమధ్య అది వెలగడం లేదని, మలుపు దగ్గర గోడలకి పడవలు తగులుతున్నాయని పేపర్లో కూడా వచ్చింది. అది ఎవరిదో తను ఏనాడూ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే అతని ఇంటికి వెళ్ళింది. పోలరాజు డాబా మీద తాడు పేనుతున్నాడు. పక్కనే ఊడదీసిన దీపం, దాని వైర్లు చుట్టచుట్టి ఉన్నాయి.

"రండి మేడమ్ గారూ. కూర్చోండి, అక్కడ ఎండ."

మేదిని కూర్చోలేదు. దారంతా కూడబలుక్కున్నది ఒక్క గుక్కలో చెప్పేసింది. "యంత్రంలో పొరపాటు జరిగింది పోలరాజు గారూ. ఆ రికార్డింగ్ పాతది, అరిగిపోయింది. మళ్ళీ సరిచేసి చూశాను. హైమ ఆ మాట నమ్మే పాడింది. మీరే రైటు."

పోలరాజు తాడు పక్కన పెట్టాడు. లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చి ఇచ్చాడు. ఆవిడ తాగాక అడిగాడు.

"ఇప్పుడన్న మాట మీ పెట్టె ముందు కూర్చుని అనగలరా?"

మేదిని గ్లాసు కింద పెట్టింది.

"వద్దులెండి," అన్నాడు మెల్లిగా. "నా కోసం అన్నారు. ఆ సంగతి నాకు తెలుస్తోంది. ఇదివరకైతే నమ్మేసేవాణ్ణి మేడమ్. నమ్మి హాయిగా నాలుగు మెతుకులు తినేవాణ్ణి. ఇప్పుడు ఎవరేమన్నా గీత కిందికి జారుతుందేమోనని చూస్తున్నాను."

"దీపం పెట్టండి. పడవలకైనా పనికొస్తుంది."

"పడవల కోసం మున్సిపాలిటీవాళ్ళు పెడతారులెండి. నేను పెట్టింది పడవల కోసం కాదు."

తనే పడవలో రేవు దాకా తెచ్చి దింపాడు. మెట్టు మీద కాలు పెట్టాక మేదిని కిందికి చూసుకుంది. చెప్పులు తడవలేదు.

అప్పుడు అర్థమైంది ఆవిడకి. డాబా మీద తను చేసిన పనే హైమ చేసింది. వచ్చేస్తాలే అన్నది రాలేనని తెలిసే. కానీ వీడ్కోలు చెప్పడానికి కాదు, ఎదురుచూస్తున్న మనిషి దీపం తియ్యకుండా ఉండాలని. మాట అబద్ధం, ఆ మాట అనడం నిజం. రెండు గీతలూ విడిపోయిన చోటే ఆ పాట ఉంది. పంతానికి పోయి గీతలు విడిపోవడం చూసిందే గానీ, ఎవరి కోసం విడిపోయాయో చూడలేదు. ఆ అర్థంలో పోలరాజూ గెలుస్తాడు, తనూ గెలుస్తుంది.

"పోలరాజు గారూ," అని పిలిచింది. "ఐదో పాటకి ఇంకో అర్థం ఉందండీ."

అతను ఇంజను ఆపలేదు. "ఉండే ఉంటుంది మేడమ్. ఆదివారం చెబుదురుగాని," అన్నాడు.

ఆ ఆదివారం మేదిని అందరికంటే ముందే వెళ్ళింది. బుల్లెమ్మ గారు మెట్ల దగ్గరే ఆపారు. పై అంతస్తు అద్దెకిచ్చేశారట. ఇప్పుడక్కడ గుట్టుపెట్టె ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. అయినా మేదిని కింద ఒక బల్ల దగ్గర రెండు పెసరట్లు చెప్పి మధ్యాహ్నం దాకా కూర్చుంది. చెప్పులు కూడా తడవకుండా తెచ్చే మనిషి రాలేదు. ఆదివారం చెబుదురుగాని అన్నప్పుడు అతని గొంతులో గీతలు కలిసే ఉన్నాయో విడిపోయాయో తేల్చుకోవడం ఆవిడకి క్షణం పని. ఆ రోజు మాటలు రికార్డయిన ఫోను చేతిలోనే ఉంది. ఆ ఒక్క మాట మాత్రం పెట్టె ముందు పెట్టలేదు.

దీపం మళ్ళీ వెలిగిందా అని అడుగుతున్నారా? నాకు తెలీదర్రా. వెలిగిందనుకునేవాళ్ళు అనుకోండి, లేదనేవాళ్ళు అనండి. దారిలో వాదించుకుంటూ వెళ్ళండి, కొట్టుకోకండి.

అదిగో, మీ ఇళ్ళలోంచి పిలుపులు మొదలయ్యాయి. ఆలస్యమైనా ఏమీ అననులే, రమ్మంటున్నారు. నిజమా కాదా అని ఆ గొంతుని పరీక్షించకండి. వెళ్ళండి, కాళ్ళు కడుక్కుని కూర్చుని అన్నం తినండి.