కొత్త పిడి వేసిన రంపం

1989 జూలై 14. ఉదయం పదీ ఇరవై.

ఆర్మూర్ పోలీస్ స్టేషన్‌లో ఏఎస్సై లక్ష్మీరాజం బల్ల మీద ఒక రంపం వచ్చి పడింది. తెచ్చింది బీడీలు చుట్టే సత్తవ్వ.

ఆమె మొగుడు, వడ్రంగి పని చేసే వడ్ల చిన్నయ్య, దుబాయ్ పోతున్నానని ఇల్లు విడిచి రెండున్నరేళ్లు కావస్తోంది. మనిషి జాడ లేదు. ఉత్తరాలు మాత్రం వచ్చేవి, ఎవరి చేతనో రాయించినవి. చిన్నయ్యకు అక్షరం ముక్క రాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆరు నెలలుగా అవీ ఆగిపోయాయి. నిన్న ఈ రంపం వచ్చింది, ఓ చీటీతో. దుబాయ్‌లో కొత్తగా కొన్నానని, తను వచ్చేదాకా దాచిపెట్టమని అందులో ఉంది.

"గిది ఏ ఊర్ల కొన్నడో చెప్పుర్రి సార్. ఊరు దొరికితె మనిషి దొరుకుతడు. మీ నాయిన గూడ వడ్లాయనేనట గద."

నిజమే. లక్ష్మీరాజం రంపాల మధ్యే పెరిగాడు. ఖాకీ తొడిగినా ఆ పిచ్చి వదల్లేదు. పాత రంపం కంటబడితే చాలు, కేసు పక్కన పెట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతాడని స్టేషన్ అంతా వెక్కిరిస్తారు.

లెన్స్ తీశాడు.

పిడి కొత్తది, టేకు. దాన్ని పట్టి ఉంచిన ఇత్తడి మరలు మాత్రం పాతవి. ఒక మర తల మీద కిరీటం బొమ్మ, సగం అరిగింది. రేకు కొసన, వీపు మీద వడ్లగింజంత బొడిపె. అలాంటి బొడిపె పెట్టడం మానేసి ఎన్నేళ్లయిందో. ఆకురాయి పట్టీ పట్టీ రేకు వెడల్పు రెండు వేళ్లు తగ్గింది. ఇది నిజాం కాలంలో ఇంగ్లండు సీమ నుంచి దిగిన సరుకు. ఎంత తక్కువ చూసినా అరవై ఏళ్లుంటాయి. కొత్తగా కొన్నాడట.

తర్వాత పళ్లు చూశాడు. వేలితో తడిమాడు.

సీమ రంపం ముందుకు తోస్తే కోస్తుంది. మన వడ్లవాళ్లు కింద కూర్చుని, చెక్కను కాలితో తొక్కిపట్టి, రంపాన్ని తమవైపు గుంజుతారు. అందుకే సీమ రంపం చేతికొస్తే ముందు పళ్లను తిరగ అరగదీస్తారు. ఈ పళ్లు పిడి వైపే తిరిగి ఉన్నాయి, మన వడ్లాయన ఎవరో అరగదీసినవే.

"ఎవలు తెచ్చిచ్చిండ్రు?"

"గంగాకిషన్ సార్."

"ఎన్ని గంటలకు?"

"నిన్న పొద్దుగూకంగ. ఆరయింది."

"దుబాయ్‌కెల్లి వచ్చిన మనిషిని నువ్వు సూసినవా?"

"లేదు. బొంబాయిల గాయనకే ఇచ్చి పోయిండట."

గంగాకిషన్ వీసాల ఏజెంటు. చిన్నయ్యను బొంబాయి తీసుకుపోయింది అతనే.

ఆమెను బయట కూర్చోబెట్టి లక్ష్మీరాజం మరలు విప్పాడు. లోపలున్నది చూశాడు. మళ్లీ బిగించి, ఇద్దరిని పిలుచుకురమ్మని కానిస్టేబుల్‌ను పంపాడు.

మూడున్నరకు గదిలో ముగ్గురున్నారు. సత్తవ్వ, గంగాకిషన్, మార్కెట్ యార్డు గోడ పక్కన కొట్టున్న వడ్ల రాజమల్లు.

గంగాకిషన్ నవ్వుతూనే మాట్లాడాడు. ఎవరో దొర దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొని ఉంటాడన్నాడు. పిడి, పళ్లు చిన్నయ్యే చేసుకుని ఉంటాడన్నాడు. మాట అతికినట్టే ఉంది. సత్తవ్వ కూడా అవునని తలూపింది.

లక్ష్మీరాజం మరలు విప్పాడు. పిడిలోంచి రేకు జారింది. అది కూర్చున్న గాడిలో పచ్చటి పొడి. పాన్ డబ్బాలోంచి కాస్త తడి సున్నం తీసి దానికి రాశాడు.

ఎర్రబడింది.

"పసుపు," అన్నాడు. "గాడి బిర్రుగున్నది. తర్వాత లోపలికి పోయే సందు లేదు. పిడి ఏసేటప్పుడే చిక్కింది. దుబాయ్ గాలిల పసుపు ఎగరది. గీ ఊర్ల, పసుపు సీజన్ల, మార్కెట్ యార్డు పక్కన ఎగురుతది. ఆడ వడ్ల కొట్టు ఒక్కటే. రాజమల్లూ, గీ పిడి ఎప్పుడేసినవ్?"

రాజమల్లు నేల చూశాడు. "మొన్న ఏప్రిల్ల సార్. గంగాకిషనే తెచ్చిండు."

గంగాకిషన్ నవ్వు ఆరిపోయింది. ఒక్కొక్క ముక్కే బయటపడింది. 1987 ఫిబ్రవరి 27న, బొంబాయి లాడ్జిలో చిన్నయ్యకు జ్వరం తగిలింది. మూడో రోజుకు పోయాడు. కేసు మెడకు చుట్టుకుంటుందని గంగాకిషన్ శవాన్ని ఎవరూ లేనివాడి లెక్కన వదిలేసి వచ్చాడు. సత్తవ్వ వారం వారం వచ్చి తన గుమ్మంలో నిలబడుతుంటే ఉత్తరాలు రాయించాడు. ఉత్తరాలు చాలక, చిన్నయ్య సంచిలో మిగిలిన రంపానికే మెరుగు పెట్టించాడు. ఇవ్వడానికి మూడు నెలలు చేతులు రాలేదట.

"జర ధైర్నంగ ఉంటదని ఇచ్చిన సార్."

లక్ష్మీరాజానికి వాడి చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. ఏ సెక్షన్ రాస్తే చిన్నయ్య వస్తాడు? బూడిద ఎక్కడ కలిసిందో కూడా తెలియదు. ఊరి పేరు చెప్పమని వచ్చిన మనిషికి తానిచ్చింది ఇది.

సత్తవ్వ ఏడవలేదు. రేకు ఒళ్లో పెట్టుకుని పళ్ల మీద వేలితో రాసింది.

"నిన్ననే గుర్తువట్టిన సార్. గీ పళ్లు ఆయన పట్టినయే. కొత్త రంపానికి గూడ గట్లనే పట్టుకున్నడు, బతికున్నడు అనుకున్న."

ఆమె నుదుటి బొట్టు చెమటకు చెదిరి ఉంది. చెయ్యి అక్కడిదాకా పోయి ఆగింది.

"మరి నేను ఎప్పటికెల్లి ముండమోసినట్టు సార్? గప్పటికెల్లా, ఇయ్యాల్టికెల్లా?"

అరవై ఏళ్ల రంపానికి వయసు కట్టిన లక్ష్మీరాజం కలం అందుకున్నాడు. రిజిస్టర్ తెరిచాడు. టైము నాలుగూ పది అని రాశాడు. మరణించిన తేదీ దగ్గర కలం అట్లాగే ఉండిపోయింది.