అందించిన మాట

దుగరాజపట్నం నింగిరేవులో ఏడ్చేవాళ్ళు ఉంటారు గానీ తడబడేవాళ్ళు ఉండరు.

ఆ ఉదయం కూడా అంతే. మూడో ద్వారం దగ్గర, పొద్దున్నే టీ కొట్టులో పంచదార తక్కువైందని చెప్పడానికి కూడా మొహమాటపడిన మనిషి, అన్నగారి చేతులు పట్టుకుని, "మన చిన్నతనం సగం నీ దగ్గర ఉంది, సగం నా దగ్గర ఉంది. నీ సగం జాగ్రత్త అన్నయ్యా" అన్నాడు. అతని చెవి వెనక పెసరగింజంత యంత్రం ఒకటి మెరిసింది. దాని పేరు అందింపు.

నాటకాల్లో తెర పక్కన నిలబడి, మరిచిపోయిన నటుడికి మాట అందించే ప్రాంప్టరు ఉండేవాడు. అందింపు చేసే పని కూడా అదే. అందులోని భావగ్రాహకం అనే సెన్సరు మనిషి నాడినీ, ఊపిరినీ, గొంతు బిగుసుకోవడాన్నీ కనిపెడుతుంది. మామూలు మాటల జోలికి రాదు. గుండె బరువెక్కి నోరు పెగలనప్పుడు మాత్రమే మాటల నిధిలోంచి ఆ సందర్భానికి తగిన వాక్యం వెతికి చెవిలో మెల్లగా చెబుతుంది. మనిషి దాన్ని పలికితే చాలు. చావింట్లో పలకరింపుకూ, పెళ్ళిలో అప్పగింతలకూ, ఆసుపత్రిలో ధైర్యం చెప్పడానికీ అందింపు లేనివాళ్ళు ఆ కాలంలో దాదాపుగా లేరు.

దానికి ఒక కట్టుబాటు ఉంది. అది అబద్ధం అందించదు. అందుకే ఈ నింగిరేవులో "వెళ్ళొస్తాను" అనే మాట వినిపించదు. ఇక్కడినుంచి నౌకలు చంద్రుడి మీద తేలికపురానికి వెళతాయి. అక్కడ మనిషి బరువు ఆరోవంతు. ఇక్కడ నాలుగడుగులు వేయలేని గుండె అక్కడ ఇంకో పదేళ్ళు హాయిగా కొట్టుకుంటుంది. కానీ ఆ తేలికకు అలవాటుపడిన ఒళ్ళు మళ్ళీ భూమి బరువును మోయలేదు. వెళ్ళినవాళ్ళు తిరిగిరారు. కనుక వెళ్ళేవాళ్ళు "వెళుతున్నాను" అంటారు. ఉండేవాళ్ళు "క్షేమంగా ఉండు" అంటారు. 

ఎనభై దాటిన మందాకిని చేతికర్ర ఊతంగా లోపలికి రాగానే, ఏడుస్తున్నవాళ్ళు కూడా తలతిప్పి చూశారు. ఆమెను గుర్తుపట్టనివాళ్ళు లేరు. పదిహేనేళ్ళ వయసులో ఊరూరా తిరిగే ఒక నాటక సమాజంలో వేషం కట్టింది. ఇరవై దాటాక సినిమాలకు వెళ్ళింది. ఆ తరువాత అరవై ఏళ్ళు అటు వెండితెర మీదా, మధ్యమధ్య ఇటు రంగస్థలం మీదా ఆమె నటించని వేషం లేదు. అందులోనూ వీడ్కోలు సన్నివేశాలకు ఆమె పెట్టింది పేరు. ఆమె కళ్ళనీళ్ళకు గ్లిసరిన్ అక్కరలేదని చెప్పుకునేవారు. తెలుగు అందింపుకు మాటల నిధి తయారుచేసేటప్పుడు శాస్త్రవేత్తలు వేలమందిని అడిగారు. మీకు దుఃఖం వచ్చినప్పుడు ఎవరి మాటలు గుర్తొస్తాయి? ఎక్కువమంది ఆమె పేరే చెప్పారు. ఆమె పలికిన వాక్యాలన్నీ నిధిలోకి వెళ్ళాయి. ఇప్పటికీ ఆమె ఏ కొత్తమాట అన్నా అది నిధికి చేరేలా ఒప్పందం ఉంది.

కాబట్టి ఆ నింగిరేవులో రోజూ వీడ్కోలు చెప్పుకునే జనం, తెలిసో తెలియకో, ఆమె మాటలే చెప్పుకుంటున్నారు.

"అమ్మగారూ, ఇటు రండి. ఆవిడ వచ్చేశారు" అంది డాక్టర్ ఈమని ఉత్పల. అందింపును కనిపెట్టిన బృందంలో చిన్నది ఆమే. ఇప్పుడు నింగిరేవులో ఆ విభాగం చూస్తోంది.

మందాకిని నిలబడిపోయింది. "అమ్మాయ్, రాత్రి ఫోనులో అడిగిందేం చేశావ్? రత్నం చెవిలోది ఆపేస్తావా?"

"ఆవిడ ఒప్పుకోకుండా ఆపడానికి వీల్లేదండీ. అయినా ఎందుకండీ? అది లేకపోతే పాపం ఆవిడ ఏమీ మాట్లాడలేకపోవచ్చు."

"మాట్లాడకపోతే మానెయ్యనీ. మాట్లాడితే మాత్రం అది దాని మాటే అవ్వాలి. అక్కణ్ణించి చేసే ఫోన్లన్నిట్లోనూ మీ యంత్రం కలిసే ఉంటుందటగా? ఇంక ఎప్పటికీ ఎవరి మాటో నాకు తెలీదు. ఈ పూట ఒక్కటే ఉంది నాకు."

ఉత్పల ఆమె మొహం చూసి, "కంట్రోలు రూములో కనుక్కొస్తాను. మీరు మాట్లాడుతూ ఉండండి" అని వెళ్ళింది.

చక్రాల కుర్చీలో ఒక సన్నటి ముసలామె చెవులు మూసేలా శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. వెంకటరత్నం. ఆ నాటక సమాజంలో మగవేషాలన్నీ ఆమెవే. మందాకిని నాయిక అయితే ఆమె నాయకుడు. అప్పట్లో ఆమె పై పెదవి మీద కాటుకతో మీసం దిద్దుకునేది. వీడ్కోలు ఘట్టంలో కౌగిలించుకున్నప్పుడల్లా ఆ మీసం నలుపు మందాకిని చెంపకు అంటుకునేది. తెరపక్కకు రాగానే మందాకిని చీరకొంగుతో తుడుచుకునేది. స్టేజీ మీద అలవాటైన పిలుపు బయట కూడా పోలేదు.

"బావా!" అంది మందాకిని.

"వచ్చావా? నీకోసం నౌక ఆపమన్నాను. మహానటి గారు మొహానికి రంగేసుకుని వచ్చేసరికి చంద్రుడే అస్తమిస్తాడని చెప్పాను."

"రంగు లేదు, ఏం లేదు. మోకాళ్ళ నొప్పులు."

"అయితే నువ్వూ రావే. అక్కడ మోకాళ్ళకి పనే లేదంట. ఎగురుకుంటూ తిరగడవే."

"నా గుండె గట్టిగా ఉందని డాక్టర్లు పంపించరుట."

"అదేంటి, దానికి గుండె ఉందా అని అడగలేదూ?" రత్నం నవ్వింది. నవ్వుకే ఆయాసం వచ్చింది. కాసేపు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

మందాకిని పక్కనే బల్ల మీద కూర్చుంది. "ఒకటి అడుగుతాను. నా సినిమాలు ఒక్కటైనా చూశావా బావా?"

"ఒక్కటీ చూళ్ళేదు." మాట పూర్తికాకుండానే జవాబు వచ్చింది. "ఎందుకు చూడాలి? పక్కన ఎవడో మీసాలోడు ఉంటాడు. వాడికి నిజంగా మీసం ఉంటుంది. నాకెందుకా కడుపుమంట?"

మందాకినికి నవ్వు రాలేదు. "ఇంకోటి. తుని స్టేషను గుర్తుందా?"

రత్నం తలుపులవైపు చూసింది.

ఆ రోజు మందాకిని మద్రాసు మెయిలు ఎక్కింది. సమాజంలో వాళ్ళందరూ ఏడ్చారు. రత్నం మాత్రం ప్లాట్‌ఫాం మీద నాటకంలో రాజులా నడుం మీద చెయ్యి వేసుకుని, లేని మీసం దువ్వి, నాటకంలో మాటే చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. రైలు కదిలిపోయింది. ఉండిపొమ్మని ఆమె ఒక్కసారి అని ఉంటే ఏమయ్యేదో మందాకినికి తెలియదు. బహుశా అయినా వెళ్ళేదే. కానీ రత్నానికి ఆ మాట అనాలనిపించిందా లేదా అన్నది అరవై ఏళ్ళుగా ఆమెను వదల్లేదు. కెమెరా ముందు వీడ్కోలు ఘట్టం వచ్చినప్పుడల్లా ఆమె ఆ ప్లాట్‌ఫాం మీదికే వెళ్ళేది. రత్నం అనని మాటలు తనే అనేది. ఒకసారి రచయిత రాసిచ్చిన సంభాషణ పక్కన పెట్టి, కెమెరా తిరుగుతుండగానే సొంతంగా ఒక వాక్యం చెప్పింది. ఆ సినిమా ఆడిన ఊళ్ళలో జనం లేచి నిలబడ్డారు.

"ఆ రోజు నీ మనసులో ఏం ఉంది? నాటకం మాట కాకుండా," అంది మందాకిని.

రత్నం తలుపుల మీంచి చూపు మరల్చుకుంది. గొంతు సవరించుకుంది. అప్పటిదాకా ఎకసెక్కంగా ఉన్న ఆమె స్వరం ఒక్కసారిగా మారిపోయింది.

"ఆగమని అడిగే హక్కు నాకు లేదు. కానీ నువ్వు ఆగితే బాగుండునని ఒక్కసారైనా అనకపోతే..." ఆగి, గుటక వేసింది. "ఆ మాట నా గొంతులోనే ముసలిదైపోతుంది."

మందాకిని చేతికర్ర కిందపడింది.

అది ఆమె వాక్యమే. కెమెరా ముందు ఆమె సొంతంగా కల్పించుకున్న వాక్యం. రత్నం నోటినుంచి వినాలని ఏ మాటైతే కోరుకుందో ఆ మాట, అక్షరం పొల్లుపోకుండా రత్నం నోటినుంచే వచ్చింది. కానీ సినిమా ఒక్కటీ చూడని మనిషికి ఆ మాట ఎక్కడినుంచి వస్తుంది? చెవి వెనకనుంచి వస్తుంది.

"చాలు బావా," అంది. "యంత్రం మాట నాకొద్దు. నా ఎంగిలి నాకే పెడతావా? నీదంటూ ఒక్క మాట లేదా నీ దగ్గర?"

రత్నం మొహంలో ఏదో కదిలింది. ఏదో అనబోయి మానుకుంది. 

"లేదులేవే. నాకు మాటలు రాసిచ్చేవాళ్ళు ఎప్పుడూ వేరే కదా," అంది చివరికి.

ఇంతలో తెల్లబట్టలు కట్టుకున్న అమ్మాయి వచ్చి, టైమైందంటూ కుర్చీని తోసుకుపోయింది. రత్నం వెనక్కి తిరగలేదు. తలుపులు మూసుకున్నాయి.

ఉత్పల అటునుంచి పరుగున వచ్చింది. "అమ్మగారూ, కనుక్కున్నాను. ఆపడానికి ఏమీ లేదండీ."

"ఏమీ లేకపోవడమేంటి?"

"నౌక పైకి లేచేటప్పుడు ఆ ఒత్తిడికి చెవికి ప్రమాదమని పొద్దున వైద్యపరీక్షలోనే తీసేస్తారట. అక్కడికి వెళ్ళాక కొత్తది పెడతారు. ఈ పద్ధతి ఇవాళే మొదలైందట, నాకూ తెలీదు. ఆవిడ చెవికి ఇప్పుడు ఏ అందింపూ లేదు. పొద్దున్నుంచీ లేదు."

మందాకిని మూసుకున్న తలుపులవైపు తిరిగింది. 

ఆ గుటక. సినిమాలో సరిగ్గా అక్కడే, ఆ మాట దగ్గరే తను కూడా గుటక వేసింది. యంత్రం మాటలు అందిస్తుంది గానీ గుటక అందించదు. అది చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఒకసారి చూస్తే కూడా గుర్తుండదు. ఏ ఊళ్ళోనో వేషం అయిపోయాక, మీసం తుడుచుకుని, ఏ హాల్లోనో వెనకబెంచీలో కూర్చుని మళ్ళీమళ్ళీ చూసిన మనిషికే తెలుస్తుంది. ఒక్కటీ చూడలేదట!

"అయ్యో," అంది మందాకిని. "నిజంగా చెప్పింది అమ్మాయ్. అది నిజంగానే చెప్పింది. నేను యంత్రమనుకున్నాను."

ఉత్పల మొహం పాలిపోయింది. మనిషికి మాట సాయం కావాలని పగలూ రాత్రీ కష్టపడి ఆ యంత్రాన్ని చేశారు. అందరికీ మంచిమాటలు దొరికాయి. అందరి మంచిమాటా అనుమానంలో పడిందని ఎవరికీ తోచలేదు.

"ఫోను చెయ్యొచ్చా?"

"నౌకలోకి వెళ్ళాక కుదరదండీ. కానీ వాళ్ళు అద్దాల వరండాలోంచి వెళతారు. మాట వినపడదు, కనపడతారు."

మందాకిని కర్ర కోసం కూడా చూడలేదు. ఉత్పల భుజం పట్టుకుని ఎలా నడిచిందో నడిచింది. అద్దానికి అవతల కుర్చీలు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. రత్నం కుర్చీ కనిపించింది. మందాకిని అద్దం మీద అరచేత్తో కొట్టింది. రత్నం తలతిప్పి చూసి, చెయ్యెత్తి కుర్చీ ఆపమంది.

మందాకిని గొంతు బిగుసుకుంది. వెంటనే చెవిలో మెత్తటి గొంతు, వయసులో ఉన్నప్పటి తన గొంతే, అందమైన వాక్యం ఒకటి మొదలుపెట్టింది. ఆమె ఆ పెసరగింజను పీకి నేలకు కొట్టింది. 

తీరా పీకేశాక నోట్లో ఏమీ లేదు. అరవై ఏళ్ళ నటన, వేల వాక్యాలు, ఒక్కటీ రాలేదు. నోరు తెరిచి, పదిహేనేళ్ళ పిల్లలా బిక్కమొహం వేసుకుని నిలబడింది.

రత్నం ఆ మొహం గుర్తుపట్టింది. ఆ రోజుల్లో వీడ్కోలు ఘట్టంలో మందాకిని ప్రతి ఊళ్ళోనూ ఒకే చోట మాట మరిచిపోయేది. ప్రాంప్టరు అరిచినా వినిపించేది కాదు. అప్పుడు రత్నం ప్రేక్షకులకు తెలియకుండా, మొహంలో ఏ కదలికా లేకుండా, పెదవులు మాత్రం కదిపి మాట అందించేది. ఇప్పుడు కూడా అద్దం అవతలినుంచి, మొహం రాజులా నిలిపి, పెదవులు కదిపింది.

అందుకుని, మందాకిని నాటకంలో చెప్పే ఆ మాట చెప్పింది.

"వెళ్ళిరా, బావా."

పక్కన వీడ్కోలు చెప్పుకుంటున్నవాళ్ళు ఉలిక్కిపడి చూశారు. ఆ రేవులో ఆ మాట ఎవరూ అనరు. రత్నం తల ఊపింది. "వెళ్ళొస్తానే" అని ఆమె పెదవులు అనడం ఉత్పల కూడా చూసింది. తరువాత ఆ ముసలామె వీపు నిటారు చేసుకుని, రెండు వేళ్ళతో లేని మీసం దువ్వింది. కుర్చీ కదిలి మలుపు తిరిగింది.

నేలమీద పడ్డ పెసరగింజ ఇంకా వింటూనే ఉన్నట్టుంది, ఉత్పల చేతిలో పలక చిన్నగా మోగింది. మాటల నిధి నుంచి సందేశం వచ్చింది. మందాకినిగారి నుంచి కొత్త వాక్యం అందింది. ఇది నిజం కాదు. అయినా చేర్చమంటారా?

ఉత్పల చుట్టూ చూసింది. మూడో ద్వారం దగ్గర, నాలుగో ద్వారం దగ్గర, జనం చక్కటి వాక్యాలు చెప్పుకుంటున్నారు. ఆమె "వద్దు" అని నొక్కింది.

మందాకిని ఇంకా అద్దం దగ్గరే ఉంది. చీరకొంగు తీసుకుని చెంప తుడుచుకుంది. కన్నీళ్ళు తుడుచుకుంటోందని ఉత్పల దగ్గరికి వెళ్ళింది. కానీ ఆమె తుడుచుకున్న కొంగును వెలుతురుకు పట్టి, నలుపు అంటిందేమోనని వెతుక్కుంటోంది.