బస్సుకి మూడు నొక్కులు

మూడో అంతస్తుకి ఇంకా పదకొండు మెట్లున్నాయనగా ప్రొఫెసర్ చనిపోయాడు.

ఉదయం ఎనిమిదిన్నర. యూనివర్సిటీలోని నగర రవాణా పరిశోధన కేంద్రంలో ఊడ్చేవాళ్ళు తప్ప ఇంకా ఎవరూ రాలేదు. వెనకనుంచి సన్నటి స్టీలు తీగ ఒకటి ఆయన మెడచుట్టూ పడి బిగుసుకుంది. చంకలోని టీ ఫ్లాస్కు మెట్లమీద దొర్లుకుంటూ కిందికి వెళ్ళింది. తీగ పట్టినవాడు పనితనం తెలిసినవాడు. ఆయనకి భయపడే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆ ఉదయం ఆయనకి దక్కిన దయ అదొక్కటే.

హంతకుడు జేబులు వెతికి కాగితాలన్నీ తీసుకున్నాడు. పిడికిట్లో ఉన్న చిన్న స్టీలు డబ్బీ మాత్రం ఎంత లాగినా రాలేదు. కింద చీపురు చప్పుడు దగ్గరవుతుంటే వదిలేసి పోయాడు. బొటనవేలితో నొక్కితే ఒక అంకె పెరిగే కౌంటర్ అది. దానిమీద 417 అని ఉంది.

తొమ్మిది అయిదుకి డిపార్ట్‌మెంట్ కారు వెనక సీట్లో బ్రీఫింగ్ మొదలైంది. చెప్పేది చీఫ్, అందరికీ పెద్దాయన. వినేది ఏజెంట్ నలభై. వయసూ దాదాపు అంతే.

పెద్దాయన గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. పదిన్నరకి నగరంలో కొత్త బస్సు సర్వీసు ప్రారంభం. మొదటి బస్సులో మన రవాణా మంత్రి, పొరుగు దేశపు మంత్రి, పాతికమంది బడిపిల్లలు. బస్సు ఈ పరిశోధన కేంద్రానికి చేరాక మంత్రులిద్దరూ సరిహద్దు రోడ్లు తెరిచే ఒప్పందం మీద సంతకాలు పెడతారు. ఆ రోడ్లు తెరుచుకుంటే దొంగదారుల్లో ఆయుధాలు తోలుకునే ఒక విదేశీ ముఠా నోట మట్టి పడుతుంది. బస్సు దారిలో వాళ్ళు బాంబు పెట్టారని సమాచారం. ఎక్కడో తెలీదు. నగరంలోని సిగ్నళ్ళన్నీ నడిచేది ఈ కేంద్రంలోని కంప్యూటర్ నుంచే.

"ప్రొఫెసర్‌కి ఏదో తెలిసిపోయింది. అందుకే చంపారు," అన్నాడు పెద్దాయన. "ప్రారంభం ఆపమంటే మంత్రులు వినడం లేదు. ఆగితే ముఠా గెలిచినట్టేనట."

"బస్సు నడిపేదెవరో తెలుసా సార్?"

"తెలుసు. అందుకే నిన్ను పిలవకూడదనుకున్నాను. అందుకే పిలిచాను."

బస్సు నడిపేది నలభై అక్క. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క రెడ్ లైటు దాటలేదని ఏరికోరి ఆవిడని ఎంచుకున్నారు. ఆ ఉదయం యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుంటే నలభై ఆటపట్టించాడు, మంత్రిగారు తొందరపెట్టినా రెడ్ దగ్గర ఆగుతావా అని. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ జవాబు చెప్పింది.

"డ్రైవర్ బుర్ర కంటే లైటు పెద్దది. లైటు కంటే పోలీసు చెయ్యి పెద్దది. ఆపైన దేవుడు. మంత్రి ఈ లిస్టులో లేడురా."

నలభై ట్రాఫిక్ సర్వే కూలీ వేషం వేశాడు. నారింజరంగు జాకెట్, చేతిలో అట్ట, చెవిమీద పెన్సిలు. చేతి గడియారంలో రేడియో, బూటు మడమలో కత్తి. మూడో అంతస్తులోని మోడల్ రూమ్ తలుపు తోశాడు. గది నిండా నగరం ఉంది. చెక్కతో చేసిన భవనాలు, గోరంత బస్సులు, పుల్లల్లాంటి ఫ్లైఓవర్లు. ఆ నగరం అంచున కూర్చుని ఒకావిడ కాఫీ తాగుతోంది.

"గంటకి ఎన్ని బళ్ళు?" అన్నాడు నలభై.

"వానొస్తే సగం," అంది ఆవిడ.

కోడ్ సరిపోయింది. ఆవిడని కేంద్రంలో అందరూ డాక్టర్ అంటారు. మూడు నెలల కిందట విదేశం నుంచి గెస్ట్ లెక్చరర్‌గా వచ్చింది. ఆవిడ నడిచివెళితే వరండాలో కుర్రలెక్చరర్లు నోట్సులో తప్పులు రాసుకుంటారు. ముఠా ఆవిడ తమ మనిషే అనుకుంటోంది. డిపార్ట్‌మెంట్ కూడా అలాగే అనుకుంటోంది. రెండు పడవలమీద కాళ్ళు పెట్టినవాళ్ళు మునుగుతారంటారు. ఈవిడ మునగలేదు సరికదా, చీరకుచ్చిళ్ళు కూడా తడవలేదు.

డాక్టర్ సొరుగులోంచి ఒక సర్వే షీటు తీసింది. ప్రొఫెసర్ పొద్దున్న ఏడో కూడలికి వెళ్ళి స్వయంగా బళ్ళు లెక్కపెట్టాడట. తిరిగొచ్చి షీటు ఆవిడ బల్లమీద పెట్టి, అక్కడ రోడ్డు తవ్వి ఉందని, ఏదో తేడాగా ఉందని చీటీ రాసి, టీ తెచ్చుకోడానికి కిందికి దిగాడట. షీటులో కార్లు 246, బస్సులు 38, బైకులు 133. మొత్తం 417. చచ్చిపోయిన మనిషి పిడికిట్లోని అంకే.

నలభై రేడియోలో పెద్దాయనకి చెప్పాడు. బస్సుకి రెండు దారులు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి ఏడో కూడలి మీదుగా, ఒకటి నాలుగో కూడలి మీదుగా. నిమిషంలో ఆర్డరు వెళ్ళిపోయింది. బస్సు ఇక నాలుగో కూడలి మీదుగా వస్తుంది.

కిందికి దిగుతుంటే సర్వే గదిలో తనలాగే నారింజ జాకెట్ వేసుకున్న ఒక ముసలాయన ప్రొఫెసర్ టీ ఫ్లాస్కుని కడుగుతూ కనిపించాడు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడళ్ళలో నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్. రిటైరయ్యాక ప్రొఫెసర్ దగ్గర బళ్ళు లెక్కపెట్టే పనిలో చేరాడు. అందరికీ బాబాయ్. ఫ్లాస్కు మూత సొట్టబడింది. ఇక తాగేవాళ్ళు లేకపోయినా ఆయన ఆ సొట్టని స్పూను వెనకభాగంతో జాగ్రత్తగా సరిచేస్తున్నాడు. నలభైకి ఎందుకో అలా వెళ్ళిపోబుద్ధి కాలేదు. పక్కన కూర్చుని షీటు చూపించాడు.

బాబాయ్ కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"ఇది సార్ రాసింది కాదు బాబూ. బస్సుకి ఒకటే పడింది."

నలభైకి అర్థం కాలేదు. బాబాయ్ చెప్పాడు. ఇక్కడ బళ్ళని తలకాయలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టరు. రోడ్డుమీద ఎంత చోటు తింటే అంత. కారు ఒకటి. బస్సు మూడు. రెండు బైకులు కలిస్తే ఒకటి. ఈ షీటులో కారూ, బస్సూ, బైకూ అన్నీ ఒక్కొక్కటే. అలా కూడితేనే 417 వచ్చింది. కౌంటర్‌లోని అంకె చూసి, దానికి సరిపోయేట్టు ఎవరో గదిలో కూర్చుని అల్లిన లెక్క ఇది.

"సార్ బొటనవేలికి బస్సుకి ఒక్కసారి నొక్కడం తెలీదు. నాతో నడుస్తూ ఇంటి కబుర్లు చెబుతున్నా సరే, బస్సు కనిపిస్తే జేబులో టక్ టక్ టక్ మనేది. ఎండలో నిలబడి లెక్కపెట్టినవాళ్ళెవరూ ఈ తప్పు చెయ్యరు."

డాక్టర్ మూడు నెలల్లో ఒక్కసారి కూడా రోడ్డెక్కలేదు. ఆవిడకి లెక్కలన్నీ కంప్యూటర్‌లోనే వచ్చేవి.

"మరి సార్ నిజంగా ఎక్కడ లెక్కపెట్టారు?"

బాబాయ్ లేచి గోడదగ్గరికి వెళ్ళాడు. ప్రతి కూడలిలో రోడ్డుకింద పాతిన సెన్సర్ ఉంటుంది. పైన బండి ఆగితే దానికి తెలుస్తుంది. ఆ సెన్సర్లు చెప్పే లెక్కల్ని పావుగంటకోసారి ప్రింటు తీసి గోడకి గుచ్చుతారు. బాబాయ్ వేలు ఒక్కో కాగితం మీద నడిచి నాలుగో కూడలి దగ్గర ఆగింది. ఎనిమిది నుంచి ఎనిమిదింపావు దాకా ఇవాళ 312. నిన్న 312. మొన్న కూడా 312.

"రోడ్డు రెండురోజులు ఒకేలా ఉండదు బాబూ," అన్నాడు బాబాయ్. "ఇక్కడ సెన్సర్ లేదు. తీసేసి పాత లెక్కే తిప్పి తిప్పి పంపిస్తున్నారు. సార్ వెళ్ళింది ఇక్కడికే. 312 ఉండాల్సిన చోట ఆయనకి 417 వచ్చింది."

సెన్సర్ తీసిన గుంటలో ఏం పెట్టారో వేరే చెప్పక్కర్లేదు. బస్సుని ఆ నోట్లోకి తోసింది తనే.

నలభై గడియారం నొక్కాడు. బరబర తప్ప ఏమీ లేదు. ఎవరో జామర్ ఆన్ చేసి రేడియోలు, ఫోన్లు అన్నీ మూగపోయేట్టు చేశారు. బస్సు డ్రైవర్ల ఫోన్లు డిపోలో పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. టైము పది ఇరవై ఆరు. బండి స్టార్ట్ చేసి ఉంచమని బాబాయ్‌కి చెప్పి నలభై మూడేసి మెట్లు ఎక్కాడు. సిగ్నల్ కంప్యూటర్ మోడల్ రూమ్‌లోనే ఉంది.

తలుపు తెరవగానే తుపాకి దగ్గినట్టు చిన్న చప్పుడు. సైలెన్సర్. చెవి తమ్మె ఎగిరిపోయింది. నలభై నేలమీద పడి చెక్కనగరం కిందికి దొర్లాడు. రెండో గుండు కంప్యూటర్‌లోకి వెళ్ళింది. ఆవిడ గురి తప్పలేదు, కావాలనే కాల్చింది. ఇక సిగ్నల్ ఎవరూ మార్చలేరు. మూడో గుండు బల్లని చీల్చుకుని అతని భుజంలోంచి మాంసం తీసుకుపోయింది. నలభై వీపుతో బల్లని లేపేశాడు. నగరమంతా భవనాలతో, ఫ్లైఓవర్లతో సహా ఆవిడమీద కూలింది. శిథిలాల్లోంచి ఆవిడ తుపాకి ఎత్తేలోపు అతని మడమలోని కత్తి చేతిలోకొచ్చింది. ఇద్దరూ కలబడ్డారు. ఆవిడ పళ్ళు అతని మణికట్టులో దిగాయి. అతని కత్తి ఆవిడ పక్కటెముకల మధ్య దిగింది.

ఆవిడ గోడకి చేరగిలబడి కూర్చుంది. కాఫీ కప్పు మాత్రం కిటికీలో చెక్కుచెదరకుండా ఉంది.

"బస్సులో పిల్లలున్నారు," అన్నాడు నలభై. "నడిపేది మా అక్క."

ఆవిడ అతని వంక కొత్తగా చూసింది. "పిల్లలని నాకు చెప్పలేదు." నోట్లోంచి నెత్తురు వచ్చింది. తుడుచుకోబోయింది, చెయ్యి లేవలేదు. "సిగ్నల్ రెడ్‌లోనే ఉంటుంది. బస్సంత బరువు ఆ గుంటమీద పది సెకన్లు ఆగాలి. ఆగకపోతే పేలదు."

ఆ మాట ఆవిడ ఏ పడవలోంచి చెప్పిందో తేల్చుకునే తీరిక లేదు. నలభై తన నారింజ జాకెట్ విప్పి ఆవిడమీద కప్పి పరుగెత్తాడు.

బాబాయ్ స్కూటర్ నాలుగో కూడలికి చేరేసరికి పది నలభై. ఎదురుగా కొత్త బస్సు వస్తోంది. తెల్లగా, పూలదండతో. సిగ్నల్ ఎర్రగా వెలుగుతోంది. బస్సు వచ్చే వైపు, ఆగే గీత వెనకే, రోడ్డుమీద కొత్త తారు అతుకు. పక్కనే డ్రైనేజీ పనివాళ్ళ వ్యాను, దానిమీద జామర్ యాంటెనా. హెల్మెట్ పెట్టుకున్నవాడు ఒకడు బస్సు వంకే చూస్తున్నాడు. అతని నడుముకి సన్నటి స్టీలు తీగచుట్ట వేలాడుతోంది.

బస్సు ఆగకూడదని దారిలో నలభై చెప్పాడు. ఏం చెయ్యాలో మాత్రం బాబాయ్‌కి ఎవరూ చెప్పలేదు. స్కూటర్ వదిలేసి నడిరోడ్డు మీదికి నడిచాడు. అడ్డరోడ్డున వస్తున్న బళ్ళకి ఎడమచెయ్యి చాచాడు. లారీ ఒకటి కీచుమంటూ ఆగింది.

బస్సు వచ్చి గీతదగ్గర ఆగింది. ముందు చక్రాలు అతుకుమీద ఉన్నాయి.

ఒకటి. రెండు.

నలభై హంతకుడి మీదికి దూకాడు. వాడి పిస్టల్ అప్పటికే బాబాయ్ వైపు తిరిగింది. గుండు పేలింది. బాబాయ్ ఎడమ మోచేతి పైన ఎర్రటి ముద్ద లేచింది. ఆయన తూలాడు, కానీ ఆ చెయ్యి దించలేదు. కుడిచెయ్యి ఎత్తి బస్సుని రమ్మన్నాడు. అరిచేతిని గుండెకేసి మడిచి, మళ్ళీ చాచి, మళ్ళీ మడిచి, ఇరవై ఎనిమిదేళ్ళు రోజుకి వెయ్యిసార్లు చేసిన సైగ.

అయిదు. ఆరు.

తీగ నలభై మెడకి చుట్టుకుంది. కళ్ళముందు చీకటి కమ్ముతుంటే బస్సు అద్దం వెనక అక్క కనిపించింది. ఆవిడ ఎర్రలైటు చూసింది. నారింజ జాకెట్ వేసుకున్న ముసలాయన్ని చూసింది. యూనిఫాం లేదు, టోపీ లేదు. ఆ చేతిని చూసింది.

ఏడు. ఎనిమిది.

తొమ్మిదో సెకనులో గేరు పడిన చప్పుడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆవిడ బస్సు రెడ్ లైటు దాటింది. వెనక చక్రాలు అతుకుమీదుగా దొర్లిపోయాయి. కిటికీల్లోంచి పిల్లలు బాబాయ్‌కి టాటా చెప్పారు.

నలభై తల వెనక్కి విసిరాడు. హంతకుడి ముక్కు పగిలింది. తీగ వదులైంది. అదే తీగ పట్టుకుని వాణ్ణి వ్యాను తలుపుకేసి మూడుసార్లు కొట్టాడు. నాలుగోసారి కొట్టలేదు. వాడు అప్పటికే ఏడుస్తున్నాడు.

సాయంత్రం ఆస్పత్రిలో బాబాయ్ అడిగింది ఒక్కటే. సార్ కౌంటర్ తెచ్చారా అని. నలభై ఇస్తే కుడిచేతి బొటనవేలితో మూడుసార్లు నొక్కాడు. 420. నర్సు వెనక్కి తీసుకోబోతే ఇవ్వలేదు.

మూడోరోజున డిపోకి నోటీసు వచ్చింది. నాలుగో కూడలి కెమెరా తీసిన ఫోటో, బస్సు నంబరు, ఎర్రలైటు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. సర్వీసు రికార్డులో మొదటి మచ్చ. అక్క దాన్ని తెచ్చి తమ్ముడి ముందు పడేసింది. నీవల్ల వచ్చింది కాబట్టి సంజాయిషీ నువ్వే రాయి అంది. ఆపరేషన్ రహస్యం, ఒక్కమాట బయటికి పొక్కకూడదని పెద్దాయన ఆర్డరు.

నలభై చాలాసేపు ఆలోచించి, కారణం అన్నచోట రాశాడు: "ఆగడానికి వీల్లేకుండా రోడ్డు బాగాలేదు."

నోటీసు రద్దయింది. ఆ కారణాన్ని ఎవరూ అనుమానించలేదు.