ముసుగు వెనక ఎవరు

శుక్రవారం మధ్యాహ్నం పరిమళ కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

"సాయంత్రం సినిమాకి నేను రాను నాన్నా" అంది.

కృపాకర్ ఆశ్చర్యపోయాడు. ఆయన గల్ఫ్‌లోని రువైస్ రిఫైనరీలో ఎలక్ట్రీషియన్. సెలవు రోజుల్లో కాలనీ క్లబ్బులో ప్రొజెక్టర్ నడిపేది కూడా ఆయనే. హిందీ సినిమా వేస్తే మలయాళీలు మూతి ముడుస్తారు, మలయాళం వేస్తే మనవాళ్లు ముడుస్తారు. ఈ పేచీ పడలేక ఈసారి అబూధాబీ నుంచి పాతకాలం మూకీ సినిమా తెచ్చాడు. గుర్రాలు, కత్తియుద్ధాలు, పేదల కోసం పోరాడే ఒక ముసుగువీరుడు. మాటలు మాత్రం ఒక్కటీ లేవు.

మధ్యమధ్య తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. మలయాళీలకి వాటిని ఒక నర్సు చదివి చెబుతుంది. తెలుగు బెంచీల దగ్గర ఆ పని పరిమళది. పదేళ్ల పిల్లకి అంత పెద్దరికం దొరికితే కాళ్లు నేల మీద ఆగుతాయా?

నిన్న ఆగలేదు మరి.

బుధవారం నాన్న రీళ్లు సరిచూస్తుంటే పరిమళ పక్కనే కూర్చుని సినిమా అంతా చూసేసింది. నిన్న సాయంత్రం ఆట మొదలవగానే, పైపుల పనిచేసే లచ్చన్న పక్కవాళ్లతో పందెం కాశాడు.

"గా ముసుగోడు కోట కావలోడే అయితడు, సూడుండ్రి."

కాదు, గుర్రాలు కాసేవాడన్నారు ఇంకొకరు. పరిమళకి నాలుక దురద పెట్టింది. అప్పుడే తెర మీద ఒక ధనవంతుల అబ్బాయి ఆవులిస్తూ వచ్చాడు. ఉత్త సోమరిపోతు, కత్తిని చూస్తేనే వణుకుతాడు.

"ముసుగులో ఉండేది ఇతనే. నాకు ముందే తెలుసు" అంది గొప్పగా.

అందరూ మెచ్చుకుంటారనుకుంది.

"అయితే ఖలాస్" అని లచ్చన్న లేచాడు. "పోయి బట్టలన్న పిండుకుంట."

చివర్లో ముసుగు తీసినప్పుడు మలయాళీలు ఈలలు వేశారు. తెలుగు బెంచీలు చప్పగా ఉండిపోయాయి. వారమంతా ఎండలో పనిచేసేవాళ్లకి ఉన్న ఒక్క సరదానీ తనే పాడుచేసింది. పరిమళకి ఏడుపొచ్చినంత పనైంది.

సంగతంతా విని అమ్మ మరియకుమారి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.

"నిన్న డ్యూటీలో ఉన్నోళ్లంతా ఇవ్వాళ రెండో ఆటకి వస్తారు. నువ్వెళ్లకపోతే వాళ్లకెవరు చదువుతారే?"

పరిమళ వెళ్లింది.

ముందు బెంచీలో పోశయ్య కూర్చున్నాడు. నిన్న డ్యూటీలో ఉన్నవాడే. అతని పక్కన లచ్చన్నని చూడగానే పరిమళ గుమ్మంలోనే ఆగిపోయింది. ఈపాటికి చెప్పేసి ఉంటాడేమో.

"నిన్న సగంలనే పోయిన గద. ఇయ్యాల మొత్తం సూస్త. యల్లా, కానియ్యి, సదువు బిడ్డా" అన్నాడు లచ్చన్న.

పరిమళ అక్షరాలు మాత్రమే చదివింది. ఆవులించే అబ్బాయి వచ్చినప్పుడు పోశయ్య పకపకా నవ్వాడు.

"వీడు బువ్వ తిననీకి సుత లేవడు" అని పరిమళ వైపు వంగాడు. "బిడ్డా, నువ్వు సూసినవ్ గద. గా ముసుగోడు ఎవ్వడు?"

నాలుక మళ్లీ దురద పెట్టింది. పరిమళ పెదాలు గట్టిగా బిగించి, ఆ తర్వాత అంది.

"చదవడమే నా పని బాబాయ్. ఎవరో మీరే కనిపెట్టండి."

పోశయ్య లచ్చన్నని అడిగాడు. లచ్చన్న గడ్డం గోక్కున్నాడు.

"నాకైతే కోట కావలోడే అనిపిస్తున్నది" అన్నాడు, పరిమళ వైపు చూడకుండా.

పరిమళ నవ్వు ఆపుకోవడానికి తల దించుకుంది.

చివరికి ఆ అక్షరాలు పడ్డాయి.

"ఇప్పుడు నా ముఖం చూడండి" అని చదివి, పరిమళ తెరకి వీపు పెట్టి కూర్చుంది. ముసుగు వెనక ముఖం తనకి తెలుసు. ఇప్పుడు చూడాలనుకున్నది వీళ్ల ముఖాలు.

పోశయ్య నోరు తెరుచుకుంది. బెంచీని దబ్బున చరిచాడు.

"ఓరి, గా ఆవులింతలోడే!"

తెలుగు బెంచీలన్నీ గోలగోలగా లేచాయి. అందరికంటే గట్టిగా ఈల వేసింది లచ్చన్న.